కల్లంలో గ్రూప్ డిస్కషన్

మార్టూరు దగ్గర రోడ్డు పొడుగునా రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలే. వాటిలో ఒకదాంట్లో నేను ఆఫీసు పని చూసేదాన్ని. బీకాం అవగానే చేరాను. లోపల మిషన్లు నడుస్తుంటే పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకి కూడా అరిచి చెప్పాలి. అందుకని మా ఆఫీసులో అందరివీ పెద్ద గొంతులే. బయటి దేశాల వాళ్ళకి ఇంగ్లీషులో మెయిళ్ళు రాయడం, లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం, రాయి మీద గీత పడిందని ఫోన్లో కేకలేసేవాళ్ళని సముదాయించడం నా పని. పని నాకు నచ్చేది. కానీ ఒకరోజు ఏదో మెయిలుకి జవాబు రాస్తూ ఆగిపోయాను. ఈ రాయి ఓడ దిగాక ఎవరి చేతుల్లోకి వెళ్తుంది, దానికి ధర ఎవరు పెడతారు, మన దగ్గర కొన్నవాడు ఏం చెప్పి అమ్ముకుంటాడు, ఇవేవీ నాకు తెలియవు. రోజూ రాయిని సాగనంపుతున్నానే తప్ప దాని వెనకాల ఒక్క అడుగు కూడా వెళ్ళలేదు.

ఆ మాట నా స్నేహితురాలితో అన్నాను. ఆరో తరగతి నుంచీ మేమిద్దరం ఒకే బెంచి. తను అప్పటికి ఊళ్ళోనే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. వాళ్ళ నాన్నగారికి బజారులో టైలరు షాపుంది. నేను చెప్పిందంతా విని, తను కూడా కొన్నాళ్ళుగా అదే ఆలోచిస్తున్నానంది.

"ఎంబీఏ చేద్దామే. మంచి కాలేజీలో రావాలంటే దేశమంతా రాసే పరీక్ష రాయాలి. నాకు లెక్కలొచ్చు, ఇంగ్లీషు రాదు. నీకు ఇంగ్లీషొచ్చు, లెక్కలు రావు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం."

"సీటు కూడా ఇద్దరికీ కలిపి ఒక్కటే ఇస్తారేమోనే," అన్నాను.

ఇంట్లో చెబితే అమ్మ సరేనంది. నాన్న మాత్రం ఆశ్చర్యపోయాడు. మాకు మిరప, పత్తి వ్యవసాయం. నాన్నకి తెలిసిన ఎంబీఏ అంతా రోడ్డు పక్కన బోర్డులున్న కాలేజీల్లోనే ఉంది.

"దానికి పరీక్షెందుకమ్మా? ఆ కాలేజీలోళ్ళు ఇంటి ముందుకి బస్సు కూడా పంపిస్తారుగా!"

"ఇవి బస్సు పంపించే కాలేజీలు కావు నాన్నా."

"బస్సు కూడా లేని కాలేజీకి ఇంత కష్టపడి వెళ్ళాలా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

టైలరు షాపు మీద చిన్న గది ఉంది. మొదట్లో గుడ్డల తానులు పెట్టుకునేవారు. ఆదివారాలు అది మా చదువుల గదయింది. కింద మిషను చప్పుడు, పైన మేము. మొదటి నమూనా పరీక్ష ఫోన్లోనే రాశాం. కంప్యూటరు పరీక్షలో ఒక భాగానికిచ్చిన టైము అయిపోతే అదే మూసుకుపోతుంది, వెనక్కి వెళ్ళడానికి వీల్లేదు. ఆ సంగతి తెలియక నేను కొన్ని లెక్కలకి ఉజ్జాయింపుగా జవాబులు పెట్టి, మిగతావన్నీ చివర్లో చూసుకుందామని దాటేసుకుంటూ పోయాను. చివర ఎక్కడుంది? మూసుకుపోయింది. మార్కులు చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తప్పు జవాబులకి మార్కులు కోసేస్తారు కదా, నాకు లెక్కల్లో సున్నా కంటే తక్కువ వచ్చింది.

"పరీక్షకి వెళ్ళకుండా ఇంట్లో పడుకుని ఉంటే నీకింకా ఎక్కువ వచ్చేవే," అంది తను. అలా మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. కింది నుంచి వాళ్ళ నాన్నగారు, "ఏంటమ్మా, పాసయ్యారా?" అని కేకేశారు.

నాకు లెక్కలు చెప్పడం తనకి కష్టం కాలేదు. స్కూలు పిల్లలకి చెప్పినట్టే చెప్పేది, తప్పు చేస్తే స్కూలు పిల్లల్నన్నట్టే అనేది. తనకి ఇంగ్లీషు చెప్పడమే నాకు చేతకాలేదు. పరీక్షలో పెద్ద పెద్ద వ్యాసాలిచ్చి ప్రశ్నలడుగుతారు. ఒకటి తిమింగలాల గురించి ఉంటే ఇంకొకటి ఎప్పుడో పాడుబడిన నగరాల గురించి ఉంటుంది. తను ఒక్కో మాటకీ అర్థం పట్టుకుని వేలాడేది. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేది.

ఒక ఆదివారం వాళ్ళ నాన్నగారు మాకు టీ తీసుకుని పైకొచ్చారు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. ఆయన కాసేపు నిలబడి విని, "ఇంతసేపూ చదివారు కదా, అందులో ఏముందో ఒకసారి నాకు చెప్పండి," అన్నారు. మా స్నేహితురాలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తిమింగలాలు ఒకదాన్నొకటి పాటలతో పిలుచుకుంటాయని, ఓడల చప్పుడు ఎక్కువై ఆ పాటలు వినబడటం లేదని, అందుకే దారి తప్పుతున్నాయని. బాబాయ్ టీ గ్లాసు పట్టుకుని అలాగే మెట్టు మీద కూర్చుండిపోయారు.

"అయ్యో. మరి ఇప్పుడవి ఏం చేస్తున్నాయి?"

"ఇంకా గట్టిగా పాడుతున్నాయంట నాన్నా."

"రాళ్ళ ఫ్యాక్టరీలో మన అమ్మాయి లాగా," అన్నారాయన నా వైపు చూసి.

ఆ రోజు ఆ వ్యాసం కింద ఉన్న ప్రశ్నలన్నిటికీ తను సరిగ్గా జవాబు పెట్టింది. అప్పటి నుంచీ అదే పద్ధతి. వ్యాసం చదవగానే కిందికి దిగి, కాజాలు కుడుతున్న బాబాయ్‌కి కథలా చెప్పి రావాలి. చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కాసేపు ఆగి వినేవాళ్ళు. ఆయన వారమంతా గుర్తు పెట్టుకుని, "పోయినసారి ఆ రాజుగారి నగరం పాడుబడిందన్నారు, నీళ్ళు లేకేనా?" అని అడిగేవారు.

మా నాన్నకి మాత్రం కూర్చునే లెక్కలంటే కోపం. గుండ్రటి బల్ల చుట్టూ కొందరు కూర్చున్నారు, ఒకడికి ఎడమ పక్కన డాక్టరు లేడు, ఎదురుగా ఉన్నవాడు లాయరు కాదు, అయితే ఇంజనీరు ఎక్కడున్నాడు అని ఉంటాయవి. నేను పైకి చదువుకుంటుంటే వాకిట్లో మంచం మీద పడుకున్న నాన్న లేచి కూర్చునేవాడు.

"వాడు ఎక్కడ కూర్చుంటే వీళ్ళకెందుకంట? ఇంజనీరు ఎవడ్రా అంటే వాడే చెయ్యెత్తడూ?"

నవంబరులో పత్తి తీతలప్పుడు పరీక్ష. సెంటరు గుంటూరులో పడింది. బాబాయ్ మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని బస్సులో తీసుకెళ్ళారు. గేటు దగ్గర చెవిపోగులు, చేతి గాజులు అన్నీ తీసెయ్యమన్నారు. అవన్నీ రుమాల్లో మూటకట్టి ఆయనకిచ్చి లోపలికెళ్ళాం. పరీక్ష ఎలా రాశానో నాకు పెద్దగా గుర్తు లేదు. లెక్కలు నాకు వచ్చినవే చేసి, రానివి ముట్టుకోకుండా కూర్చున్నాను. చేతులు దగ్గర పెట్టుకోవడం నేను నేర్చుకున్న గొప్ప విద్య. బయటికొచ్చేసరికి గేటు ఎదురుగా చెట్టు కింద బాబాయ్ మూట ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ చేరిన తల్లిదండ్రులకి తిమింగలాల కథ చెబుతున్నారు.

సంక్రాంతికి ముందే ఫలితాలొచ్చాయి. తనకి నాకంటే బాగా వచ్చింది. నాకు కూడా మరీ తీసిపారేసేలా రాలేదు. హైదరాబాదులో ఒక కాలేజీ ఇద్దర్నీ పిలిచింది, కేరళలో ఒకటి తనని మాత్రం పిలిచింది. రెండు చోట్లా ముందు గ్రూప్ డిస్కషన్, తర్వాత ఇంటర్వ్యూ. గ్రూప్ డిస్కషన్ అంటే కొంతమందిని కూర్చోబెట్టి ఒక విషయమిచ్చి మాట్లాడుకోమంటారు. ఎవరెలా మాట్లాడారో చూసి మార్కులేస్తారు. అక్కడొచ్చింది చిక్కు. మేమున్నది ఇద్దరం. ఇద్దరు మాట్లాడుకుంటే అది డిస్కషన్ కాదు, కబుర్లు. పైగా క్లాసులో అంత గట్టిగా పాఠం చెప్పే మా స్నేహితురాలు నలుగురు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవలేదు. ఎవరో ఒకరు ఆగుతారని చూస్తూ కూర్చుంటుంది.

అవి మిరపకాయలు ఎండబెట్టే రోజులు. మా కల్లం నిండా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. ఒక పక్కన ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలు కాయలు వేరు చేస్తున్నారు. మా అమ్మ, నాన్న, నాన్నకి అక్క అయిన మా పెద్దత్త, అందరూ అక్కడే. ఇంతకంటే పెద్ద గ్రూపు ఎక్కడ దొరుకుతుందని స్నేహితురాల్ని అక్కడికే తీసుకెళ్ళాను. టీ తాగేటప్పుడు అందరికీ రూల్సు చెప్పాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదని.

"మధ్యలో అందుకోకూడదా? మరి ఇంకెట్టా మాట్లాడతారు?" అన్నాడు నాన్న.

విషయం సెల్‌ఫోన్. దానివల్ల లాభమెక్కువా, నష్టమెక్కువా. పెద్దత్త వెంటనే అందుకుంది. "నష్టమే! సెల్లొచ్చాక ఎవరైనా మొహం చూసి మాట్లాడుతున్నారా? అన్నం పెట్టేది కూడా దాన్ని చూస్తానే."

"మా ఆయన ఎక్కడున్నాడో సెల్లుంది కాబట్టే తెలుస్తంది పెద్దమ్మా," అంది కాయలేరే ఒకావిడ.

"ఎక్కడున్నాడో నిజమే చెప్తాడనుకుంటున్నావా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "మిర్చి యార్డులో ఇవ్వాళ ఏం ధరో ఇక్కడ కూర్చునే తెలుస్తంది. అది లాభం కాదా?"

"తెలిసి ఏం చేశావురా? పోయినేడు ధర బాగున్న రోజు అమ్మమంటే ఆగావు. పడిపోయాక అమ్మావు. ఆ సెల్లు పట్టుకునేగా?"

అంతే. నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మ అత్త పక్షం చేరింది. కాయలేరే ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు. పక్క పొలం రైతు ఆ కేకలు విని కండువా దులుపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? గట్టు దగ్గర గొడవా?"

"గొడవ కాదు మావయ్యా, గ్రూప్ డిస్కషన్," అన్నాను.

"అట్నా! ఇంతకీ తప్పెవరిది?" అంటూ ఆయన కూడా కూర్చున్నాడు.

ఇంత గోలలో మా స్నేహితురాలు నోరు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం చూస్తూనే ఉన్నాను. ఘాటుకి తుమ్ము కూడా వచ్చింది, అదీ ఎవరికీ వినబడలేదు. ఉన్నట్టుండి టీ క్యాను మూత తీసి క్యాను మీద టంగుమని కొట్టింది.

"నేనూ మనిషినే! నన్ను కూడా మాట్లాడనివ్వండి!"

కల్లమంతా తన వైపు తిరిగింది. పెద్దత్త తనని ఎగాదిగా చూసింది. "మాట్లాడవే తల్లీ. ఇంతసేపూ నిన్నెవరాపారు?"

మాట్లాడింది. అత్త అన్నది ఎందుకు నిజమో చెప్పింది, నాన్న అన్నది ఎక్కడ సరైనదో చెప్పింది, ఫోను ధర మాత్రమే చెబుతుందని, ఎప్పుడు అమ్మాలో మనమే తేల్చుకోవాలని చెప్పింది. మొదట నెమ్మదిగా మొదలుపెట్టింది, తర్వాత స్కూలు టీచరు గొంతు బయటికొచ్చింది. అయ్యాక నాన్నా, అత్తా ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. ఆ కాయలు బస్తాలకెత్తేదాకా ప్రతి ఆదివారం కల్లంలో డిస్కషనే. "ఇవ్వాళేం పెడతన్నారమ్మా?" అని ఆడవాళ్ళే ముందు అడిగేవాళ్ళు.

ఇంటర్వ్యూకి కోట్లు వేసుకోవాలని విని బాబాయ్ కొనడానికి ఒప్పుకోలేదు. ఆడపిల్లల కోటు ఆయన ఎప్పుడూ కుట్టలేదు. తన పెళ్ళినాటి కోటు విప్పి, లోపల లైనింగ్ ఎలా వేశారో చూసుకుని, మాకిద్దరికీ నల్లవి కుట్టారు. అది వేసుకుని ఇంటికెళ్తే నాన్న మంచం మీంచి లేచి, "లాయరు గారూ, దయచేయండి," అని చేతులు జోడించాడు.

హైదరాబాదులో మా ఇద్దరివీ వేరే వేరే గ్రూపులు. నేను ఏదో మాట్లాడాను. తను మాత్రం మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది. "ఏం లేదే. చాలా మర్యాదగా అరుస్తున్నారు వీళ్ళు. మీ అత్త ముందు వీళ్ళెంత?"

నా ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నేను గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నానని చూసి మధ్యలో ఉన్న పెద్దాయన బల్ల మీద చెయ్యేసి, "అయితే ఇది ఏ రాయో చెప్పండి," అన్నారు. నల్లటి బల్ల, మీద బంగారు చుక్కలు. నాకు ప్రాణం లేచొచ్చింది. అది చీమకుర్తి రాయని, ఆ చుక్కల కోసమే బయటి దేశాల్లో దాన్ని అడిగి మరీ కొంటారని, క్వారీ దగ్గర్నుంచి ఓడదాకా మొత్తం చెప్పేశాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత బల్ల అంచు దగ్గర గోటితో కొద్దిగా లేపి చూపించారు. స్టిక్కరు.

ముందు నవ్వింది నేనే. ఎంత ఆపుకున్నా ఆగలేదు. తర్వాత ముగ్గురూ నవ్వారు. "మా ఓనరుకి మాత్రం చెప్పకండి సర్," అన్నాను. అక్కడి నుంచి అది ఇంటర్వ్యూలా సాగలేదు. ఇలా స్టిక్కర్లొస్తుంటే అసలు రాయి ఎలా అమ్ముతారని అడిగారు. తెలియదని, అది నేర్చుకోవడానికే వచ్చానని చెప్పాను.

లిస్టు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. హైదరాబాదు కాలేజీలో నాకు సీటొచ్చింది. తనకి కేరళలోనే వచ్చింది. బాబాయ్ కూతురి ఫోన్లో మ్యాపు తెరిచి, మార్టూరు నుంచి అక్కడిదాకా వేలితో గీత గీసుకుంటూ చూశారు. "దూరమే. అక్కడ సముద్రం దగ్గరేనామ్మా?" అన్నారు. దగ్గరేనని చెబితే ఆయన మొహం విప్పారింది. తిమింగలాలు కనబడితే వెంటనే ఫోను చెయ్యాలని మాట తీసుకున్నారు.

ఇక మా ఓనరుకి చెప్పాలి. మిషన్లు నడుస్తున్నాయి. ఆయన గది గుమ్మంలో నిలబడి, "సార్, నాకు ఎంబీఏ సీటొచ్చింది!" అని అరిచాను.

"ఎవరికి నోటీసొచ్చింది?" అని ఆయన కంగారుగా లేచారు.

మళ్ళీ అరిచాను. ఈసారి వినబడింది. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుని పేపరుతో విసురుకున్నారు. "మంచిదే. చదువుకుని రా. కానీ వెళ్ళేముందు నీలాగా మెయిళ్ళు రాసేవాళ్ళని ఎవర్నైనా వెతికిపెట్టు," అన్నారు. ఆ తర్వాత నన్ను కూర్చోమని, డ్రాయరులోంచి జీడిపప్పు పొట్లం తీసి మధ్యలో పెట్టారు. ఆ మిషన్ల చప్పుడులోనే ఇద్దరం అది పూర్తయ్యేదాకా తింటూ కూర్చున్నాం.