సువార్తమ్మ టీచరుకు సరిపోయిన కారు

తార్నాకలో సువార్తమ్మ టీచరంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆవిడ పొడుగు. తెనాలి నుంచి పెళ్ళై వచ్చి, రిటైరయ్యేదాకా సీతాఫల్‌మండిలో ఒక బళ్ళో లెక్కలు చెప్పింది. ఆటో ఎక్కినా, సిటీ బస్సెక్కినా మెడ వంచుకునే ప్రయాణం. దానికి ఆవిడెప్పుడూ విసుక్కోలేదు.

కిందటేడు తుంటి ఆపరేషన్ అయ్యాకే చిక్కొచ్చి పడింది. కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటికన్నా పైకి లేవకూడదన్నాడు డాక్టరు. కొడుకు ఆరోన్ కారు సీటేమో నేలకు జానెడెత్తు. ఒకరోజు తార్నాక చౌరస్తాలో మందుల షాపు ముందు దిగబోయి లేవలేకపోయింది. దారినపోయేవాళ్ళు చెరో రెక్కా పట్టి లాగారు. ఆ వేళ నుంచి గడప దాటితే ఒట్టు. "చర్చి ప్రార్థన ఫోన్లో వింటున్నాగా, చాల్లే" అనేది. ఆ మాట వింటే కోడలు బ్లెస్సీకి ప్రాణం ఉసూరుమనేది.

కారు మారుద్దామనుకున్నారు. మొదట చూసిన పెద్ద బండికి మెట్టెక్కాలి. సువార్తమ్మ కాలెత్తబోయి, తలుపు పట్టుకుని ఆగిపోయింది. "మీకు నచ్చింది కొనుక్కోండి నాయనా, నా గొడవ వదిలేయండి" అంది. పైకెక్కలేను, కిందకి కూర్చోలేను, ఇక నాకీ నాలుగు గోడలేనా అని ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం షోరూం నుంచి పూర్ణిమ అనే అమ్మాయి ఇంకో బండి తెచ్చింది. కారుకీ జీపుకీ మధ్యరకం. బతిమాలగా బతిమాలగా సువార్తమ్మ కిందికి దిగింది. ఆరోన్ ముందు దీపాలు చూసి మురిశాడు, వెనక్కి వాలిన టాపు చూసి ఇంకా మురిశాడు. బ్లెస్సీ ముందు సీట్లో కూర్చుని స్క్రీను నొక్కి చూస్తోంది. సువార్తమ్మ చూపు మాత్రం సీటు ఎత్తు మీదే.

"ఎక్కుడు లేదు, దిగుడు లేదు మేడం. గట్ల వెనక్కి తిరిగి కూసోండ్రి, సాలు" అంది పూర్ణిమ.

వెనక సీట్లో కూర్చుంది. నొప్పి లేదు గానీ కొప్పు టాపుకి తగిలింది.

"సోకు కోసం టాపు వంచారు సరే, నా తలెక్కడ పెట్టుకోను?"

బ్లెస్సీ గబగబా దిగి, "ఇటు రండి అత్తయ్యా, ముందు సీటు మీదే" అంది.

అక్కడ తల నిటారుగా నిలిచింది. మోకాళ్ళు డాక్టరు చెప్పినచోటే ఉన్నాయి.

బ్లెస్సీ, పూర్ణిమ వెనక ఎక్కారు, ఆరోన్ స్టీరింగు పట్టాడు. బండి యూనివర్సిటీలోకి తిరిగింది. సెలవు కావడంతో ఆర్ట్స్ కాలేజీ దారి ఖాళీ. ఆరోన్ కాలు నొక్కితే బండి కాస్త తటపటాయించి, తర్వాత జోరందుకుంది.

"నలుగురం ఎక్కినా బాగానే లాగుతోందమ్మా!"

ఆవిడ వినలేదు. ఎదురుగా స్పీడ్ బ్రేకర్. ఊపిరి బిగబట్టి "ప్రభువా" అంది. చక్రాలు లేచాయి, దిగాయి. సన్నటి కుదుపు, అంతే.

"అయిపోయిందా?"

"అయిపోయింది అత్తయ్యా."

"ఆపరా" అంది. ఆరోన్ ఓ పక్కకి ఆపి, పరుగున వచ్చి చెయ్యి అందించబోతే వద్దంది. కాళ్ళు బయటపెట్టి, లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. అప్పుడిక నవ్వాగలేదు. వెనకాల బ్లెస్సీ చున్నీతో కళ్ళొత్తుకుంటోంది.

"వెనక కిటికీ మరీ చిన్నది. నీకు చీకటిగా ఉందేమోనే" అంది సువార్తమ్మ.

"ఉంటే ఉండనివ్వండి."

ఏ రంగు తీసుకుందామని ఆరోన్ అడిగాడు.

"ఏదో ఒకటి తీసుకో. నాకు ఆకలేస్తోంది, ఎక్కడన్నా దోసె తిందాం పద."

పూర్ణిమని కూడా వదల్లేదు. తార్నాక హోటల్లో తన పక్కనే కూర్చోబెట్టుకుని, ఇంకో చట్నీ వేయించింది.