ఆ నెంబరుకి ఇంకా ఫోన్లు వస్తున్నాయి

సింగపూర్ వచ్చినవాళ్ళెవరూ టాంపినీస్ చూడ్డానికి వెళ్ళరు. మనలాంటివాళ్ళు కాపురాలు చేసుకునే ఫ్లాట్లు తప్ప అక్కడ చూడ్డానికేమీ లేదు. నన్ను అక్కడికి పంపింది ఒక వాట్సాప్ ఫార్వర్డ్. పోయిన నెలలో హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ కూతురు పంపింది: 'సింగపూర్‌లో ఏడేళ్ళ తెలుగు పాప లహరికి బోన్ మారో కావాలి. మనవాళ్ళదే సరిపోయే అవకాశం ఎక్కువ. ఈ వారంలోనే దొరకాలి. దయచేసి అందరికీ పంపండి.' కింద ఒక ఫోన్ నెంబరు. 'నువ్వక్కడే ఉన్నావు కదే, ఏదో ఒకటి చెయ్యి' అని అక్క జోడించిన మాట. చదివితే, ఆ వాక్యాలు నావే. రెండేళ్ళ క్రితం, వన్-నార్త్‌లోని మా ఆఫీసులో కూర్చుని, ఇంగ్లీషులో వచ్చిన పోస్టును నేనే తెలుగు చేశాను. అసలు పోస్టులో తేదీ ఉంది. తేదీ కనిపిస్తే జనం తర్వాత చూద్దాంలే అనుకుంటారని అది తీసేసి 'ఈ వారంలోనే' అని పెట్టాను. ఎంత తెలివో నాకు! ఐటీ ఉద్యోగాలు జోరుగా వస్తున్న రోజులవి. మా ఫ్లోరులో వారానికో కొత్త తెలుగు ముఖం, ప్రతి ముఖానికీ నాలుగైదు గ్రూపులు. సాయంత్రానికల్లా నా పోస్టు ఎన్ని ఊళ్ళు తిరిగిందో చూసుకుని మురిసిపోయాను. ఆ పాప ఏమైందని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.

ఈసారి అడిగాను. ఫోను ఎత్తింది పాప నాన్న, సుధాకర్ గారు. నేనెవరో చెప్పాను. "పాప లేదమ్మా. మీరు పోస్టు పెట్టిన నెలకే పోయింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. మా ఆవిడే ఎత్తుతుంది. ఇప్పుడు స్నానానికెళ్ళింది గనక నాకు దొరికింది. అది ఇంటి ల్యాండ్‌లైన్, ఎవరైనా చేస్తారేమోనని కింద కొట్టుకి కూడా వెళ్ళదు. రెండేళ్ళయింది, మనిషి అలా గదిలోనే ఉండిపోయింది. రాసింది మీరే కదా, పాప లేదని కూడా మీరే రాయండి. కానీ ముందు తనని ఒప్పించాలి. ఒకసారి ఇంటికొస్తారా?" అన్నారు. వస్తానన్నాను గానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

శనివారం పదింటికి బయలుదేరాను. నేనుండేదీ వన్-నార్త్ దగ్గరే. అక్కడి నుంచి రైల్లో ఒక్క స్టేషను వెళ్ళి, బ్యోనా విస్టాలో ఆకుపచ్చ లైన్‌కి మారితే నేరుగా టాంపినీస్. మొత్తం గంటలోపే, కార్డులో రెండు డాలర్లకి అటూఇటూ పోతుంది. బెడోక్ దాకా నిలబడే ఉన్నాను, ఆ తర్వాత సీటు దొరికింది. బయట ఒకటే వాన. స్టేషను పక్కనుంచే ఫీడర్ బస్సులుంటాయి, పది నిమిషాల్లో దింపేస్తాయి. నేను దిగిన చోట తిండి కొట్లన్నీ ఒక్కచోటే ఉండే హాకర్ సెంటర్ కనిపిస్తే, ధైర్యం చాలక అక్కడే ఆగి టీ తీసుకున్నాను, డాలరు ఇరవై సెంట్లు. టీ పోసే అంకుల్ నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని తెలుగులోకి దిగారు. వాళ్ళ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట, ఆయన తెలుగులో ఇక్కడి మాటలూ కలిసిపోయాయి.

"మకాన్ అయిందా అమ్మా, తిన్నావా? ఎవరింటికి పోవాల?"

లహరి వాళ్ళింటికని చెప్పాను.

"ఆ బోన్ మారో పాపా! మా కూతురు కూడా పోయి శాంపిల్ ఇచ్చినది, కుదురుతుందా చూసేదానికి. చెంప లోపల దూదితో రుద్దుతారు, అంతే లా. పాపకి ఇప్పుడు బాగుందా?"

"తెలీదంకుల్," అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ అబద్ధం! టీ సగంలో వదిలేసి లేచాను.

పన్నెండో అంతస్తు. తలుపు తీసింది పాప అమ్మ, అరుణక్క. నేనెవరో, ఎందుకొస్తున్నానో ఆమెకి ముందే చెప్పారట. తిడుతుందనుకున్నాను. లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీరు ఇచ్చొచ్చారా?" అనడిగింది. ఫోను చేసిన ప్రతివాళ్ళనీ అడిగే మొదటి ప్రశ్న అదేనట. నేను ఇవ్వలేదు. ఊరంతటికీ చెప్పినదాన్ని, ఇచ్చే చోటు మా ఆఫీసు నుంచి అరగంట దూరంలో ఉండి కూడా వెళ్ళలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతలో ఫోను మోగింది. పుణె నుంచి ఎవరో కుర్రాడు. "ఇంకా దొరకలేదు బాబూ," అంది అరుణక్క నిదానంగా. "మీ ఊళ్ళోనే ఇవ్వచ్చు, పది నిమిషాల పని. అవునయ్యా, లహరే. రెండో క్లాసు. బొమ్మలంటే ప్రాణం."

"ఎందుకే ఈ అబద్ధాలు?" అన్నారు సుధాకర్ గారు.

"పోయిందంటే ఎవరు వెళ్ళి ఇస్తారండీ? వేరే పిల్లలు లేరా?" అని, నావైపు తిరిగింది. "అది ఒక్కటే కాదమ్మా, మీ దగ్గర దాచడమెందుకు! మా చుట్టాలెవరూ ఇప్పుడు దాని పేరెత్తరు. నేను బాధపడతానని. దాని క్లాసు పిల్లల అమ్మలు లిఫ్టులో నన్ను చూస్తే తల దించుకుంటారు. లహరి ఎలా ఉందండీ అని అడిగేది ఈ ముక్కూమొహం తెలియనివాళ్ళే. మీరది ఆపేస్తే దాని పేరు ఇంకెవరు పలుకుతారు?"

ఆవిడ సుధాకర్ గారి వైపు చూసింది. చివరికి ఆవిడే అంది: "రాయండి. నా కోసం కాదు, ఈయన కోసం. రెండేళ్ళుగా నాతోపాటు ఈయన కూడా ఎక్కడికీ వెళ్ళట్లేదు." అక్కడే కూర్చుని రాశాను, ఈసారి తేదీ వేసి. పాప లేదని, పాత పోస్టు పంపొద్దని. వేరే పిల్లలు ఎదురుచూస్తున్నారు, వెళ్ళి ఇవ్వండి అన్న వాక్యం అరుణక్కే చెప్పి రాయించింది. సోమవారం లంచ్ టైములో నేనూ వెళ్ళి ఇచ్చొచ్చాను. నిజంగానే పది నిమిషాలు పట్టింది.

ఒక పోస్టు ఎంతమందిని కదిలించగలదో చెప్పడానికి నా కథ చాలు. ఆ పాప పేరు చూసి వెళ్ళి ఇచ్చినవాళ్ళున్నారు, వాళ్ళవల్ల ఎక్కడో ఏ బిడ్డో బతికి ఉండొచ్చు. దాన్ని తక్కువ చేయను. కానీ పంపించిన మేమంతా ఒక బటను నొక్కి భోజనానికి వెళ్ళిపోయాం, ఆ తల్లి మాత్రం ఫోను పక్కనే కూర్చుండిపోయింది. ఈసారి నా పోస్టు కూడా బాగానే తిరిగింది. నిన్న సుధాకర్ గారు మెసేజ్ పెట్టారు: 'మూడు రోజులుగా ఒక్క ఫోనూ రాలేదమ్మా. పని చేస్తోందో లేదో చూద్దామని, ఆవిడే నా ఫోన్ నుంచి దానికి చేసుకుంటోంది.'

మీరూ ఇలాంటి పోస్టు ఎప్పుడైనా పంపి ఉంటే చేయాల్సింది ఒక్కటే. వెతికి, ఆ నెంబరుకి ఒకసారి ఫోను చేయండి. వార్త ఏదైనా, భయపడి పెట్టేయకండి. బిడ్డ పేరు పెట్టి, ఎలాంటి పిల్లో చెప్పమనండి. ఆ తల్లి చెప్పినంతసేపూ వినండి.