రంగు వేయకూడని చోటు

కూతురు పనికి బయల్దేరే వేళకు ఆయన కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టి, ఆమె మోటారుసైకిల్ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంటాడు. బ్రేకు దగ్గరి బోల్టులను ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టుకుని తిప్పి చూస్తాడు. అవి తిరగవు. లేచి, ముందు బ్రేకు నొక్కిపట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ చెవి ఒగ్గి వింటాడు. హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ కూతురు, "డాక్టరుగారూ, పేషెంటు బతికే ఉందా?" అంటుంది. ఆయన నవ్వడు. అప్పటికి చల్లారిపోయిన కాఫీని ఒక్క గుక్కలో తాగేస్తాడు.

ఇనుప బీరువాలకు రంగు కొట్టడం ఆయన వృత్తి. వీధిలో అందరికీ బీరువా మామయ్య. ఊరి చివర రేకుల షెడ్డులో, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, స్ప్రే గన్ను పట్టుకుని నిలబడితే ఆయనకు వేరే లోకం ఉండదు. పని నేర్పిన గురువు ఆయనకు ఒకే ఒక్క మాట నూరిపోశాడు. ఇనుము ఎక్కడ బోసిగా కనబడితే తుప్పు అక్కడి నుంచే లోపలికి వస్తుంది. అందుకని ఆయన తలుపు బందుల వెనక, తాళం కన్నం లోపల, బీరువా కాళ్ల అడుగున, కొన్నవాడు జన్మలో వంగి చూడని చోట్ల కూడా రంగు వేస్తాడు. "ఆయన చేతికి బ్రష్షు ఇచ్చి ఏమరుపాటుగా ఉంటే గోడ మీది బల్లికి కూడా రెండు పూతలు వేసేస్తారు," అని భార్య నలుగురిలోనూ అంటుంది.

రంగు సంగతి తప్ప తక్కిన లోకమంతా ఆయనకు భయమే. తాళం వేశాక గుంజి చూస్తాడు, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ గుంజుతాడు. రెండు చక్రాల బండి ఎక్కడమంటే మరీ భయం. షెడ్డుకు బస్సులోనే పోయేవాడు, బస్సు రాకపోతే నడిచేవాడు. అలాంటి మనిషి కూతురికి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకు చేర్చాలి. అందుకోసం పాత మోటారుసైకిల్ ఒకటి కొనుక్కుంది. ఆయన వద్దనలేదు. వద్దనడం ఆయనకు చేతకాదు. ఒక్క మాట మాత్రం తీసుకున్నాడు. బండి మీద ఉండగా ఫోను ఎత్తకూడదు, చేసింది తనే అయినా సరే. ఆమె తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

బండి బాగానే నడిచేది గానీ ముందు ఫోర్కులు, అంటే చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు కాళ్లు, వానలకు నాని తెల్లటి మచ్చలు పడిపోయాయి. ల్యాబులో తోటివాళ్లు బండికి బొల్లి వచ్చిందని ఎగతాళి చేశారట. "వాటికి నల్లరంగు వేసిపెట్టు నాన్నా," అని అడిగింది ఓ సాయంత్రం. ఆ మాటకు ఆయన ముఖం విప్పారింది. ఆ బండి ఇంటికి వచ్చిన నాటి నుంచి దాన్ని తలుచుకుని బెంగపడటం తప్ప ఆయన చేయగలిగిందేమీ లేకపోయింది. ఇప్పుడు దానికి తన చేతి అవసరం పడింది.

వీధి మలుపులోని మెకానిక్ స్పానర్లు అరువిచ్చాడు. ఫోర్కు పైభాగంలో అద్దంలా మెరిసే గొట్టం మీద రంగు చుక్క కూడా పడకూడదని, పడితే లోపలి నూనె కారుతుందని హెచ్చరించాడు. సెలవు రోజున కూతురు ఫోనులో వీడియో చూస్తూ చక్రం ఊడదీసి, ఫోర్కులు కిందికి లాగింది. ఆయన మెరిసే గొట్టాలకు కాగితం చుట్టి, పసిబిడ్డకు కట్టినంత పదిలంగా టేపు వేశాడు. కింది భాగాన్ని తడి ఎమరీ కాగితంతో మచ్చలు పోయేదాకా రుద్దాడు. ప్రైమరు, దాని మీద నలుపు, ఆరాక మళ్లీ నలుపు. పెరట్లో బట్టల తీగకు వేలాడదీస్తే భార్య వచ్చి చూసి, బండి కాళ్లు ఉతికి ఆరేసుకునే కొంప ఈ వీధిలో మనదొక్కటేనంది.

ఒక ఫోర్కుకు కింద చెవుల్లాంటి రెండు పలకలు ఉన్నాయి. బ్రేకు వచ్చి కూర్చునేది వాటి మీదే. వాటి వెనకవైపు, బోల్టు కన్నాల చుట్టూ, లోహం బోసిగా ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, సన్న బ్రష్షు తీసి, ఆ మూలమూలకూ ఓపికగా పూత మీద పూత వేశాడు. పని అయ్యాక చాలాసేపు తృప్తిగా చూసుకున్నాడు. ఎక్కడా కాస్తయినా బోసి లేదు.

కూతురు అన్నీ బిగించింది. బోల్టులు బిగించేటప్పుడు పళ్లు బిగబట్టి, మెడ నరాలు తేలేదాకా తిప్పింది. నల్ల కాళ్లతో బండి పెళ్లికొడుకులా ఉందని వీధి వీధంతా అంది.

కొన్నాళ్లకు, షెడ్డులో కరెంటు పోయి ఆయన పెందలాడే ఇల్లు చేరిన రోజున, స్పానర్లు తిరిగివ్వడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోలేదు. ఎంత నున్నగా వచ్చిందో, చెవుల వెనక కూడా ఎలా వేశాడో వర్ణించాడు. మెకానిక్ చేతిలోని పని ఆపేశాడు.

"బ్రేకు కూర్చునే చోట వేశావా మామయ్యా?"

"వేశాను. బోసిగా ఉంటే తుప్పు పట్టదూ?"

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "అక్కడ లోహానికి లోహమే ఆనాలి. రంగు మెత్తన. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా నలిగి పలచనవుతుంది. అప్పుడు బోల్టు దానంతట అదే వదులైపోతుంది."

ఆయన స్పానర్లు అక్కడే పడేశాడు. ఫోను తీసి కూతురికి చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. ఎత్తకపోతే ఏమైందోనని భయం, ఎత్తితే బండి మీద ఎత్తిందేమోనని భయం. ఒట్టు వేయించుకున్నది తనే. ల్యాబుకు చేస్తే అక్కడి అమ్మాయి తాపీగా చెప్పింది, ఆమె మిట్ట మీది కాలనీకి వెళ్లిందని. ఆ కాలనీ ఆయనకు తెలుసు. ఓసారి బీరువా దించడానికి వెళ్లి, లారీ వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టవలసి వచ్చింది. ఎక్కేటప్పుడు ఫరవాలేదు. దిగేటప్పుడు దారి పొడవునా బ్రేకు మీదే రావాలి.

మెకానిక్ పనిముట్ల సంచీ తగిలించుకుని స్కూటరు తీశాడు. ఆయన మారుమాట లేకుండా వెనక ఎక్కి కూర్చున్నాడు. తను స్కూటరు ఎక్కానన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు. దారిలో ఎక్కడ నలుగురు గుమిగూడినా మెకానిక్ చొక్కా గుప్పిట్లో బిగించేవాడు. ఒకచోట కూరగాయల బండి, ఒకచోట నీళ్ల ట్యాంకరు. దాటాక గానీ ఆ గుప్పిట సడలేది కాదు.

మిట్ట సగం ఎక్కాక, ఒక పసుపుపచ్చ గేటు ముందు నల్ల కాళ్ల బండి కనబడింది. ఒంటరిగా, ఒరిగి నిలబడి ఉంది. స్కూటరు ఆగకముందే ఆయన దూకి, తూలి, బండి పక్కన కూలబడ్డాడు. పై బోల్టును వేళ్లతో పట్టుకున్నాడు. అది తిరిగింది, వాటర్ బాటిల్ మూత తిరిగినంత తేలిగ్గా. కింది బోల్టు అప్పటికే సగం బయటికి వచ్చి ఉంది. ఆయన దాన్ని వదల్లేదు. వదిలితే ఊడిపోతుందన్నట్టు పట్టుకునే కూర్చున్నాడు.

ఐసు పెట్టె భుజాన వేసుకుని కూతురు బయటికి వచ్చింది. "నాన్నా, నువ్విక్కడేంటి?" అంది. ఆయన వేళ్ల మధ్యనున్న బోల్టును చూపించాడు. మెకానికే జరిగింది చెప్పాడు. ఆమె పెట్టె కింద పెట్టింది.

"నిన్నటి నుంచి బ్రేకు నొక్కితే టక్కుమంటోంది," అంది.

"మరి చెప్పవేం?" అన్నాడు మెకానిక్.

ఆమె తండ్రి వైపే చూస్తూ చెప్పింది. "చెబితే బండి అమ్మేద్దామంటావని. నీ రంగు వల్లే అని తేలితే కుమిలిపోతావని కూడా."

ఆయన బోల్టును చివరిదాకా తిప్పి ఊడదీశాడు. "అమ్మేద్దామనేవాణ్ణే," అన్నాడు. తర్వాత మెకానిక్ వైపు చెయ్యి చాచి బ్లేడు అడిగాడు.

మెకానిక్ తను గీకుతానన్నా ఆయన బ్లేడు వదల్లేదు. ఎక్కడా బోసి మిగల్చని ఆ చెయ్యి, గోడ నీడలో కూర్చుని, తను వేసిన రంగును పొరలు పొరలుగా గీకింది. నల్లటి రజను ఒళ్లో రాలింది. కింద లోహం తెల్లగా తేలేదాకా ఆయన తలెత్తలేదు. మెకానిక్ బ్రేకు కూర్చోబెట్టి బోల్టులు బిగించి, ఇరుసు దగ్గర కూడా చూసి, ఇక ఫరవాలేదన్నాడు. ఆయన మళ్లీ వేళ్లతో తిప్పి చూశాడు. తిరగలేదు. అయినా నమ్మకం కుదరలేదు. కూతురు బండి స్టార్టు చేయగానే వెనక సీటు పట్టుకున్నాడు.

"దిగేటప్పుడు నేనూ ఉంటాను తల్లీ," అన్నాడు.

"భయం కాదూ?"

"భయమే. కిందిదాకా పోనీ."

మిట్ట దిగినంతసేపూ ఆమె భుజం మీద ఆయన చెయ్యి బరువుగా ఉంది. బ్రేకు నొక్కినప్పుడల్లా ఆ చెయ్యి బిగుసుకుంది. టక్కుమన్న చప్పుడు రాలేదు.

ఆ ఫోర్కులు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. ఆయన షెడ్డుకు బస్సులో పోవడం మానేశాడు. పొద్దున బోల్టులు చూడటం అయ్యాక, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంటే, కూతురు ఆయన్ని షెడ్డు గుమ్మం ముందు దించి ల్యాబుకు వెళుతుంది.