ప్రేమపాటనుకుని

పారే అనే ఊరి మైదానంలో వెదురు తడికల నాటకశాల వెలిసిన ఏడాదే వాగియెం భర్త పోయాడు. గేటు పక్కన ఆమె కాఫీకొట్టు పెట్టుకుంది. సైకిళ్ళ కాపలావాడు, వేరుసెనగలు ఉడకబెట్టే ముసలామె, రాజుల అంగీలకు జరీ కుట్టే దర్జీ కస్ది, అందరూ కెతోప్రాక్ అనే ఆ రాజుల కథల పాటల నాటకాల నీడనే బతికారు.

రాజూ రాణీ సరసమాడుతూ పాడే వేళ జనం స్టేజి మీదకు సిగరెట్ పెట్టెలు విసరడం అక్కడి రివాజు. మరే ఘట్టంలో విసిరినా దిగిపొమ్మన్నట్టే. జనం ఆ పెట్టెలు వాగియెం దగ్గరే కొనేవారు. పొద్దున్నే నటులు వాటినే ఆమెకిచ్చి అన్నం తినేవారు. ఆమె మళ్ళీ అమ్మేది.

"ఈ పెట్టెకి రాజుగారి కంటే ఎక్కువ డైలాగులొచ్చక్కా!" అనేవాడు కస్ది.

ఊళ్ళోకి టీవీ వచ్చాక కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"ఇవాళ కూడా జనం రాకపోతే రేపు తడికలు విప్పేస్తాం," అన్నాడు నాటక కంపెనీ పెద్ద దార్సోనో.

ఆ సాయంత్రం కొట్లన్నీ మూశారు. అందరూ టిక్కెట్లు కొని లోపల కూర్చున్నారు. ఇన్నేళ్ళలో వాగియెం నాటకం చూడటం అదే మొదలు. బయట కాఫీ కాస్తూ పాటలు వినడమే ఆమె ఎరుగును. రాజు తల ఒళ్ళో పెట్టుకుని రాణి వేషంలోని సులాసి గొంతెత్తగానే ఆమె గుర్తుపట్టింది, ప్రేమపాట! లేచి పెట్టె విసిరింది.

అది రాజు శవం గుండెల మీద పడింది. విలాపానికీ అదే వరస అని ఆమెకు తెలియదు.

వాగియెం కొంగుతో నోరు మూసుకుంది. సులాసి ఆ పెట్టెను కళ్ళకద్దుకుని, "నాథా, పోయే దారి చలి. నీ ప్రజలు నిన్ను మరిచిపోలేదు," అని వెక్కివెక్కి ఏడ్చింది. కస్ది తల దించుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే లేచి సెనగలు, మల్లెలు, అరటిపళ్ళు శవం కాళ్ళ దగ్గర పెట్టి వచ్చారు.

పొద్దున మగవాళ్ళు తడికల కట్లు కోస్తున్నారు.

"నిన్న హాలు నిండింది కదా పెద్దాయనా!" అంది వాగియెం.

"నిండింది మీతోనే కదమ్మా. అమ్మేవాళ్ళే చూస్తే కొనేదెవరు?"

ఆమె వెళ్ళి తన రేకుల కప్పు విప్పింది. గిన్నెలు ఒకదాన్లో ఒకటి సర్ది, పొయ్యిని నాటక సామాను ఎక్కిస్తున్న లారీ దగ్గరకు ఈడ్చుకొచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు దార్సోనో.

"మీరెక్కడికో అక్కడికే."

"మేం వెళ్ళే బ్లితార్‌లోనూ టీవీలున్నాయమ్మా. అక్కడా జనం రాకపోతే?"

"రాకపోతే మీరంతా పస్తులుంటారా?"

దార్సోనో వంగి, పొయ్యికి రెండో వైపు పట్టుకున్నాడు.