డిటెక్టర్ గది నుంచి ఫోన్

పినపాక దగ్గరి కోయగూడెంలో పుట్టిన పూనెం స్వరూప, కణభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి హైదరాబాద్ వెళ్లింది. ఆమెది థియరీ. అయినా "కణాల్ని కాగితం మీద చూస్తే సరిపోదమ్మా" అంటూ గైడ్ ఆమెను, కణాల్ని పసిగట్టే యంత్రం ఉన్న డిటెక్టర్ గదిలోనూ కూర్చోబెట్టేవారు. ఆ గదంటే ఆమెకు ప్రాణమైంది.

మూడో ఏడు తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంటికి వచ్చిన స్వరూప మళ్లీ వెళ్లలేకపోయింది. మణుగూరులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ ఉండిపోయింది.

ఈ ఏడు ఆమె శిష్యురాలు పుష్పకు అదే ల్యాబ్‌లో సీటొచ్చింది.

"మీకేం తేవాలె మేడం?" బస్సెక్కుతూ అడిగింది పుష్ప.

"ఏమొద్దు. ఆ గదిలకు పోయినంక ఒకసారి ఫోన్ చెయ్యి."

పుష్ప చేసింది. ఫోన్‌ను యంత్రం దగ్గర పెట్టింది. ఆకాశం నుంచి వచ్చిన కణం తాకినప్పుడల్లా అది టిక్కుమంటోంది.

"వినబడ్తుందా మేడం?"

"అవ్. ఇంకొంచెం సేపు గట్లనే పట్టుకో" అంది స్వరూప.