గుమ్మం చాటు అంతరిక్షం

శుక్రవారం మధ్యాహ్నం నాది. వారంలో మిగిలిన రోజులు అత్తగారివీ, గేదెలవీ, కొబ్బరి దింపు వాళ్ళవీ అయితే కానీండి. శుక్రవారం పన్నెండు దాటాక వచ్చే ఆ ఫోను మాత్రం నాది. మా ఆయన కువైట్లో ఏసీలు బాగుచేస్తారు. అక్కడ శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కుని ఆరేసుకుని, తీరిగ్గా వీడియో కాల్ చేస్తారు. పెళ్ళయ్యాక ఒక ఇంట్లో కలిసి ఉన్న రోజులకంటే ఇలా ఫోన్లో చూసుకున్న శుక్రవారాలే మాకు ఎక్కువ. అందుకని ఆ గంట మీద నాకు హక్కుందనుకునేదాన్ని. అందులోకి మా తోడికోడలు దూరింది. అదీ ఒక అంతరిక్షనౌక ఎక్కి మరీ దూరింది.

ముందు ఆ సినిమా సంగతి చెప్పాలి. ఇప్పటికి నాలుగు భాగాలొచ్చాయి, ఐదోది వస్తుందంటున్నారు. ఎక్కడో ఇంగ్లీషు వాళ్ళు తీస్తే తెలుగు మాటలు అతికించి వదిలారు. ఏదో దూరపు గ్రహం నుంచి నీళ్ళు తేవడానికి ఒక ఓడ బయల్దేరుతుంది. మా కాలవ గట్టు మీద నిలబడి ఆలోచిస్తే నవ్వొచ్చే కథ. ఓడలో ఒక కెప్టెన్, ఆయన మనుషులు. గాజుపెట్టెల్లో పడుకుని ఏళ్ళకేళ్ళు నిద్రపోతారు, లేస్తారు, తగువులాడుకుంటారు, ఎవరో ఒకరు చచ్చిపోతారు. మా ఆయన గదిలో ఉండేవాళ్ళందరూ మన గోదావరి వైపు వాళ్ళే. సెలవు ముందు రోజు ఆ సినిమా పెట్టుకోవడం, సెలవు రోజు పొద్దున్నంతా దాని మీద వాదించుకోవడం వాళ్ళకి అలవాటు. ఆ వాదనంతా మధ్యాహ్నానికి నాకు వడ్డించేవారు. నేను ఊఁ కొడుతూ చిక్కుడుకాయల ఈనెలు తీసుకునేదాన్ని. ఆయన మొహం కనపడుతోంది కదా, ఏం చెబుతున్నారో ఎవరిక్కావాలి?

ఇలా నడుస్తుండగా మా మరిదికి పెళ్ళయింది. అతను అల్లవరంలో రొయ్యల చెరువులు కౌలుకి తీసుకుని వారంలో సగం రోజులు అక్కడే ఉంటాడు. పెళ్ళాం మాత్రం మా దగ్గర, రాజోలు పక్కన మా ఇంట్లో. కొత్తపేట అమ్మాయి, డిగ్రీ చదివింది. నన్ను అక్కా అంటుంది, ప్రతి మాటకీ అండీ చేరుస్తుంది. ఏ పని చెప్పినా “ఆయ్” అని లేస్తుంది. నిజంగా ఒద్దికైన పిల్ల. ఆ ఒద్దికే నా ప్రాణం మీదికి వచ్చింది. కాస్త టెక్కు ఉండి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

మా ఇంట్లో బావగారి ఎదుట తమ్ముడి భార్య కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. మా అత్తగారు కాపురానికి వచ్చేటప్పటికే ఉన్న పద్ధతి అది. ఫోనుకి కూడా అది వర్తిస్తుందా అని నాకెప్పుడూ ఆలోచన రాలేదు. ఆ పిల్లకి వచ్చింది. వర్తిస్తుందని తనే తీర్మానించుకుని, ఫోను మోగగానే వంటింట్లోకి తప్పుకునేది. నాకూ బాగానే ఉందనిపించింది. ఒక నెల గడిచిందేమో, ఒక శుక్రవారం మా ఆయన గొంతు పెంచి చెబుతున్నారు. ఓడ తలుపు బయటి నుంచి ఎవరు తీశారో మూడో భాగంలో చూపించకుండా డైరెక్టరు ఎగ్గొట్టేశాడట. వంటింటి గుమ్మం చాటు నుంచి మెల్లిగా ఒక గొంతు వినపడింది.

“అక్కా, ఆ తలుపు సంగతి రెండో దాన్లోనే ఉందని చెప్పండి. వంటాయన తాళం జేబులో వేసుకోడం చూపించేరండి.”

ఫోనుకి అందని ఆ మాట విన్నది విన్నట్టు ఆయనకి చెప్పాను. ఆయన కళ్ళు ఇంతలేసి అయ్యాయి. “ఎవరే ఆ మాటన్నది?”

“మీ మరదలు.”

“అయితే ఆ వంటాయన మూడోదాని మొదట్లోనే చచ్చిపోయేడు కదా, చచ్చినోడు వచ్చి తలుపెలా తీసేడో అడుగు!”

గుమ్మం వైపు తిరిగి అడిగాను. గుమ్మం జవాబిచ్చింది. ఫోను వైపు తిరిగి చెప్పాను. ఫోను ఎదురు ప్రశ్న వేసింది. ఆ రోజు నుంచి నా బతుకు అదే అయిపోయింది. నిద్రలో గడ్డం పెరగనప్పుడు గోళ్ళెందుకు పెరిగాయి? ఆ గ్రహం మీద దేనికీ బరువుండదంటే మరి కెప్టెన్ పళ్ళెంలో కూర ఎగిరిపోకుండా ఎలా నిలిచింది? నాకు తలా తోకా తెలియని ప్రశ్నలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోసేదాన్ని. “తనేమంటోందంటే...” అని మొదలుపెట్టడం, “ఆయనేమంటున్నారంటే...” అని తిరగడం. మెడ నొప్పి పుట్టేది. ఆయన ఎంత హుషారుగా ఉండేవారంటే, ఒక్కోసారి ఫోన్లో నన్ను చూడ్డం కూడా మానేసి, నా భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తూ మాట్లాడేవారు.

నాకు కుళ్ళు పుట్టింది. వేరే పేరు పెట్టి లాభం లేదు. వాళ్ళిద్దరి మధ్యా చెడు ఏదో ఉందని నేను అనుమానించలేదు, అంత బుద్ధి లేనిదాన్ని కాను. ఆయన తల వెనక్కి వేసి పగలబడి నవ్వుతారు చూశారా, ఆ నవ్వు పోయింది నా దగ్గర నుంచి. పెళ్ళైన కొత్తలో అంతర్వేదిలో పడవ ఎక్కుతూ చీర కుచ్చిళ్ళు తడుపుకుని నేను కేకలు పెడితే అలా నవ్వారు. ఆ నవ్వు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇప్పుడు చచ్చిపోయిన వంటాయన కోసం నవ్వుతున్నారు.

ఊరుకుంటానా? ఒక శుక్రవారం సరిగ్గా ఫోను వచ్చే వేళకి, టైలరు దగ్గర జాకెట్లు తెమ్మని ఆ పిల్లని రాజోలు పంపించేశాను. ఎండ మాడిపోతోంది. అయినా “ఆయ్” అని గొడుగు తీసుకుని వెళ్ళింది. నేను మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని ఫోను ముందు కూర్చున్నాను.

“ఆ అమ్మాయి లేదా?” ఆయన అడిగిన మొదటి మాట అది.

“ఊళ్ళోకి వెళ్ళింది.”

“అయ్యో. మా వాళ్ళందరూ ఒక పాయింటు తీసేరే, ఆ అమ్మాయిని అడుగుదామని. సరే, వచ్చే వారం చూద్దాంలే.” తర్వాత అమ్మకి మందులు వేస్తున్నావా అన్నారు, కాయ దింపేరా అన్నారు. ఉంటానన్నారు. టీవీలో ప్రకటనలు కూడా అంతకంటే ఎక్కువసేపు వస్తాయి. నల్లగా అయిపోయిన ఫోన్లో నా బొట్టు నాకే కనపడింది. ఆ బొట్టు చెరిపేసుకుందామన్నంత కోపం వచ్చింది.

ఇక లాభం లేదని ఆ సినిమా చూడ్డం మొదలుపెట్టాను. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, తోడికోడలు దొడ్లో ఉన్నప్పుడు, ఫోను చీర కొంగు కింద పెట్టుకుని చూశాను. మొదటి భాగంలో నాకూ నిద్రొచ్చింది, వాళ్ళ గాజుపెట్టెలు అక్కర్లేకుండానే. రెండో భాగం చివరికొచ్చేసరికి మాత్రం లేచి కూర్చున్నాను.

కెప్టెన్ భార్య భూమ్మీద ఉంటుంది. ఓడతో మాట్లాడే మెషీను ఒకటి ఆవిడకి అప్పగిస్తారు. ఏళ్ళ తరబడి దాని దగ్గరే కూర్చుంటుంది. అది పాడైతే తనే విప్పి బాగుచేసుకుంటుంది. చివరికి ఒకరోజు ఆయన గొంతు వినపడుతుంది. చాలాసేపు మాట్లాడి, వస్తున్నానంటాడు. ఆవిడ బదులు చెప్పే మీట మీద చెయ్యి వేస్తుంది, పచ్చ దీపం వెలుగుతుంది. ఆవిడ నోరు విప్పదు. అలా చూస్తూ కూర్చుంటుంది, సినిమా అయిపోతుంది. మూడు, నాలుగు భాగాల్లో ఆవిడ ఊసే లేదు. ఎందుకు మాట్లాడలేదన్నదే వీళ్ళందరికీ తెగని తగువు. గదిలో ఒకాయన, ఓడ తిరిగి రాకూడదనుకునే శత్రువుల మనిషి ఆవిడ అంటాడు. మా ఆయన, అక్కడ సీను కోసేశారంటారు. మెషీను పాడైపోయిందందామంటే ముందు సీన్లోనే బాగుచేసింది కదా అని ఇంకొకాయన అడ్డుపడతాడు.

తర్వాతి శుక్రవారం తగువు మళ్ళీ అక్కడికే వచ్చింది. “ఆ అమ్మాయినే తేల్చమను,” అన్నారు ఆయన. వెనకాల గది వాళ్ళందరూ మూగారు. గుమ్మం చాటు నుంచి మా తోడికోడలు, “అక్కా, అక్కడ కూర్చుంది ఆవిడ కాదండి. ఆవిడ చెల్లెలని నా అనుమానమండి. గొంతు విప్పితే పట్టుబడిపోద్ది కదండి,” అంది.

నేను ఫోను వైపు తిరిగాను. “తనేమంటోందంటే...” అన్నాను. అలవాటు మీద వచ్చేసింది ఆ మాట. ఆ తర్వాత వచ్చింది మాత్రం గుమ్మం చెప్పింది కాదు. “ఆవిడ చెల్లెలూ కాదు, శత్రువూ కాదు. మెషీను బాగానే ఉంది. ఆయన అంతసేపు మాట్లాడేడు. ఓడ గురించి చెప్పేడు, ఇంజను గురించి చెప్పేడు, వాళ్ళలో వాళ్ళకొచ్చిన తగువు చెప్పేడు. నువ్వెలా ఉన్నావని ఒక్క ముక్క అడిగేడా? అడుగుతాడేమోనని కూర్చుంది ఆవిడ. అడగలేదు. ఇంకేం చెబుద్ది? ఏమడిగేడని చెబుద్ది?”

అవతల ఒక్కసారిగా అందరూ అరిచారు. మా ఆయన తొడ మీద చరుచుకున్నారు. “అదీ! ఏం బుర్రే ఆ అమ్మాయిది! ఇన్నాళ్ళూ మాలో ఒక్కడికి తట్టిందా?”

అది నాదని చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే, ఎలా తట్టిందని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు గది నిండా జనం వింటుండగా చెప్పేది కాదు. ఫోను పెట్టేశాక తోడికోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నేనలా అన్లేదు కదండి అక్కా.”

“అన్నావు. నువ్వే మర్చిపోయావు.”

ఆ పిల్ల నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “ఆయ్,” అని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎదురు మాట్లాడినా బాగుండేది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నా కడుపులోంచి వచ్చిన మాట అది. నేను ఆయన్ని అడగలేక ఆ సినిమా ఆవిడ మీద పెట్టి అడిగిన మాట. దానికి వచ్చిన మెప్పంతా గుమ్మం చాటుకి పోయింది. నా మాట మీద నాకే కుళ్ళు పుట్టిందంటే ఎవరైనా నమ్ముతారా?

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆయన మొహం వెలిగిపోతోంది. “రెండో పార్టు మళ్ళీ పెట్టుకుని చూసేమే. ఆ అమ్మాయి అన్నది నిజమే. మొదటి నుంచి చివరిదాకా వాడు ఒక్కసారి కూడా ఆవిణ్ణి ఎలా ఉన్నావని అడగడు. మనిషెంత మొద్దో చూడు! ఈసారి సెలవుకొచ్చినప్పుడు ఆ అమ్మాయికో మంచి ట్యాబ్ తెస్తానని చెప్పు, పెద్ద స్క్రీన్లో చూసుకుంటది.” ఇంకాస్త ముందుకి వంగారు. “ఊఁ, ఇంకేమంటోందే ఆ అమ్మాయి?”

నాకు మాట రాలేదు. అలక నటించానని కాదు. నిజంగానే రాలేదు. చారుపొడి డబ్బాకి ఆనించిన ఫోను ఎదురుగా, రెప్ప కూడా వేయకుండా కూర్చున్నాను.

“హలో? ఏమే? బొమ్మ ఆగిపోయింది. ఒరేయ్, నెట్టు పోయిందేమో చూడండ్రా.”

“మనది బానే ఉందండి. అటేపు పోయుంటది,” అన్నారు వెనకాల ఎవరో.

నా వెనక గాజుల చప్పుడైంది. మా తోడికోడలు గుమ్మం దాటి వచ్చి, ఫోనుకి కనపడేలా నా పక్కన నిలబడింది.

“నెట్టు పోలేదండి బావగారూ. అక్క వెనకాల ఫ్యాను తిరుగుతుంది, చూడండి.” తల దించుకునే చెప్పింది. “పోయిన వారం మాట కూడా నాది కాదండి. అక్కదేనండి.” అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంచం మీద అత్తగారు అటు తిరిగి పడుకుని ఉన్నారు. విన్నారో లేదో తెలీదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోపాన్ని కూడా ఆ పిల్లే విప్పి చెప్పింది, సాక్ష్యంతో సహా. నేను వారం రోజులు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట, బావగారికి ఎదురుపడని పిల్ల ఎదురుపడి మరీ అనేసింది.

ఆయన ఫోన్లో పైకి చూశారు, ఫ్యాను వైపు. తర్వాత నా వైపు. లేచి గది బయటికి వచ్చారు. వెనకాల తీగ మీద ఆయన చొక్కాలు ఆరుతున్నాయి. తల గోక్కున్నారు.

“అన్నం తిన్నావా?” అన్నారు.

నా మీద ప్రేమతో అడిగారా, మరదలి ముందు పట్టుబడిపోయిన సిగ్గుతో అడిగారా అని నా పాడు బుద్ధి అప్పుడే తూకం వేయడం మొదలుపెట్టింది. సిగ్గుతోనే అయ్యుంటుంది. అయినా అడిగారు. శుక్రవారాలు ఆయన ఫోను అయ్యాకే నేను కంచం ముందు కూర్చుంటానని ఇన్నేళ్ళుగా ఆయనకి తెలీదు.

“ఇంకా లేదండి,” అన్నాను. ఇన్ని నెలల్లో, వంటింటి వైపు తిరగకుండా నా గురించి నేను ఆయనకి చెప్పిన జవాబు అదొక్కటే.