తారు లేని చోట పగుళ్లు

రోడ్లు ఎలా ఉన్నాయో సర్వే చేసి రాసిన కాగితాలను సరిచూడడం నా పని. ఈ రోజు బోధన్–రెంజల్ రోడ్డు కాగితంలో నాలుగో కిలోమీటరు దగ్గర ఆగాను. తారులో పగుళ్లు మీటరు మీటరుకూ రాసి ఉన్నాయి. అనుమానమొచ్చి జీపులో వెళ్లి చూశాను. చెరకు లారీలు తిరిగి తిరిగి అక్కడ తారే మిగల్లేదు. అంతా ఎర్ర మొరం మట్టే.

రాసింది దినకూలీ మీద సర్వే చేసే సాయిలు. పిలిపించాను.

"లేని తారుకు పగుళ్లెట్ల దొరికినయి? జర నాక్కూడా చూపెట్టు."

ఆఫీసంతా నవ్వింది.

"మా ఆమె దవాఖానల ఉండె సార్. ఇడిసిపెట్టి పోబుద్ధి కాలే. ఆడనే కూసొని రాసిన. గీ ఒక్కసారి మాఫ్ చెయ్యుండ్రి, పని పోతది."

"మా ఆమె దవాఖానల పానం ఇడిసిన దినం నేను ధర్పల్లి రోడ్డు మీద గుంతలు కొలుస్తున్న. ఆ కాగితంల ఒక్క తప్పు చూపెట్టు."

సాయిలు నన్నే చూశాడు. "మరి ఆ అమ్మ పక్కన ఎవరున్నరు సార్?"

"నర్సు ఉండె," అన్నాను. ఉందో లేదో ఈ రెండేళ్లలో నేనెవరినీ అడగలేదు.

సాయంత్రం దినకూలీల జాబితాలోంచి సాయిలు పేరు కొట్టేశాను. తిట్టాలనుకున్నవాళ్లు మొహమాటపడకండి.